ఆ గొట్టం ముందు ఎవరూ ఆగరు

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా, రోడ్డుకి ఊరివైపున, ఒక పెద్ద విమానం ఆగి ఉంటుంది. పేరు టీయూ-142. ఒకప్పుడు నేవీ విమానం, ఇప్పుడు మ్యూజియం. ముక్కు నుంచి తోక దాకా 53 మీటర్లు, ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకి 50 మీటర్లు. వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. ప్రదర్శన హాల్లోంచి గబగబా నడిచిపోతారు. మెట్లెక్కి విమానం కడుపులోకి దూరి, కాక్‌పిట్‌లో ముళ్లు తిరిగే డయళ్లన్నీ చూసి "అబ్బో" అనుకుంటారు. దిగి ఇసుక వైపు వెళ్లి మురీ మిక్చర్ కొనుక్కుంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అంతే చేశాను.

రెండోసారి మేనల్లుణ్ణి వెంటబెట్టుకెళ్లాను. పదకొండేళ్లవాడు. విమానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసొచ్చి అడిగాడు: "మావయ్యా, ఇది సబ్‌మెరైన్లని పట్టుకునే విమానం కదా. ఇదేమో ఆకాశంలో ఉంటుంది, అదేమో నీళ్ల అడుగున ఉంటుంది. మరి ఎలా పట్టుకుంటుంది?"

"రాడార్ ఉంటుంది కదరా" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

సగం తప్పు చెప్పాను. సరైన జవాబు హాల్లోనే ఉంది. ఇంజిన్, ప్రొపెల్లర్, ఆయుధాల మధ్య కొన్ని పొడవాటి గొట్టాలు పెట్టి ఉంటాయి. చూడ్డానికి బోరుబావికి తెచ్చి మిగిలిపోయిన పైపు ముక్కల్లా ఉంటాయి కాబట్టి వాటి ముందు ఎవరూ ఆగరు. వాటిని సోనోబాయ్ అంటారు. నన్నడిగితే, ఇంత పెద్ద విమానాన్ని కట్టిందే ఆ గొట్టాలని మోసుకెళ్లి సముద్రంలో జారవిడవడానికి.

ముందు రాడార్ సంగతి. రాడార్ పంపేది రేడియో తరంగాలని. ఉప్పునీటిలో కరెంటు బాగా పారుతుంది, అందుకే అది రేడియో తరంగాలని పైపైనే మింగేస్తుంది. రాడార్‌కి సముద్రం గోడలా అడ్డు నిలుస్తుంది. మరీ పొడవాటి అలలున్న తరంగాలైతే కొన్ని మీటర్ల లోతుకి దిగుతాయి. మునిగి ఉన్న సబ్‌మెరైన్‌కి ఒడ్డు నుంచి కబురు పంపాలంటే అదే దారి. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన నేవీ కేంద్రం పని అదే. అడవి పోతుందని అక్కడ జరిగిన గొడవంతా "రాడార్ స్టేషన్" అన్న పేరు మీదే నడిచింది. నిజానికి అది రాడార్ కాదు, వెతకదు. దాన్ని సబ్‌మెరైన్ల కోసం నడిచే తంతి ఆఫీసు అనుకోవచ్చు.

వెలుతురు కూడా నీళ్లలో ఎంతో దూరం పోదు. ఇక మిగిలింది చప్పుడు. ఈ విషయంలో మాత్రం సముద్రం మహా ఉదారంగా ఉంటుంది. గాలిలో చప్పుడు సెకనుకి సుమారు 340 మీటర్లు పోతే, సముద్రంలో సుమారు 1,500 మీటర్లు పోతుంది, అదీ చాలా దూరం నీరసపడకుండా. పల్లెటూళ్లో దిగుడు బావిలో ఈత కొట్టినవాళ్లకి ఇది అనుభవమే. మునిగి ఉన్నప్పుడు గట్టు మీద అమ్మ ఎంత కేకేసినా సరిగ్గా వినపడదు. అదే నీళ్లలో ఎవడైనా రాయి మీద రాయి కొడితే మన చెవిలోనే కొట్టినట్టుంటుంది. ఈ బావి అనుభవంలో రెండు సూత్రాలున్నాయి. నీళ్లలో పుట్టిన చప్పుడు నీళ్లలో బాగా పోతుంది. గాలికీ నీటికీ మధ్య ఉన్న గీత దాటడం మాత్రం చప్పుడుకి కష్టం.

విమానానికి చిక్కొచ్చేది ఆ రెండో సూత్రంతోనే. ఓడ అయితే అడుగున సోనార్, అంటే నీళ్లలో చప్పుడు వినే పరికరం, పెట్టుకుని వినొచ్చు. ఆకాశంలో ఉన్నవాడు నీళ్లలో చెవి ఎలా పెడతాడు? అందుకని చెవినే కిందికి విసురుతాడు.

ఆ గొట్టం బతుకు కొన్ని గంటలే. విమానం పొట్టలోంచి జారగానే దానికి చిన్న పారాచూట్ విచ్చుకుంటుంది. నీటిని తాకాక గొట్టం రెండుగా విడిపోతుంది. పై ముక్క తేలుతూ రేడియో యాంటెనాని నిలబెడుతుంది. కింది ముక్క సన్నని తీగకి వేలాడుతూ, ముందే పెట్టిన లోతుకి దిగి ఆగుతుంది. నీటి మైకు ఉండేది అందులోనే. అది విన్నదంతా తీగలోంచి పైకొచ్చి, అక్కణ్ణుంచి రేడియోలో విమానానికి చేరుతుంది. రేడియో నీళ్లలో పనికిరాదు, గాలిలో పనికొస్తుంది. చప్పుడుకి నీళ్లు సొంతిల్లు, అక్కణ్ణుంచి గాలిలోకి రావడమే కష్టం. ఈ రెండింటి మధ్య సరిహద్దులో కూర్చున్న దుబాసీ ఈ గొట్టం. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది దాని చావు. పని అయ్యాక తనంతట తనే నీళ్లు నింపుకుని మునిగిపోతుంది. ఎవరి చేతా చిక్కకూడదు కదా.

ఒక గొట్టం వింటే ఏదో ఉందని తెలుస్తుంది, ఎక్కడుందో తెలియదు. అందుకే వరసగానో వలయంగానో చాలా జారవిడుస్తారు. ఏ గొట్టానికి ఎంత గట్టిగా వినపడింది, ఏ దిక్కు నుంచి వినపడింది, దగ్గరికొచ్చే రైలు కూతలా స్వరం పెరుగుతోందా తగ్గుతోందా అని విమానంలో కూర్చున్నవాళ్లు లెక్కలు కడతారు. విని ఊరుకునే గొట్టాలు కొన్నయితే, "టింగ్"మని తామే కేకేసి ప్రతిధ్వని కోసం చూసేవి కొన్ని. రెండో రకంతో ఒక ఇబ్బంది ఉంది. ఆ కేక సబ్‌మెరైన్‌కీ వినపడుతుంది. వెతుకుతున్నారని దానికి తెలిసిపోతుంది.

మరి సముద్రంలో వినపడేదేమిటి? నిశ్శబ్దం మాత్రం కాదు. సరుకు ఓడల రొద, వాన, తిమింగలాలు, లోతు తక్కువ చోట చిటికెలు వేసినట్టు టపటపలాడే ఒక రకం రొయ్యలు. ఈ సంతలో సబ్‌మెరైన్ గొంతుని విడిగా పట్టుకోవాలి. దాని ప్రొపెల్లర్ జోరుగా తిరిగితే రెక్కల దగ్గర చిన్న చిన్న బుడగలు పుట్టి చితుకుతాయి. పొయ్యి మీద నీళ్లు మరిగేముందు గిన్నె సన్నగా గీపెడుతుందే, అదీ ఇలాంటి బుడగలు చితికే చప్పుడే. నెమ్మదిగా పోతే బుడగలు ఉండవు. అందుకే దాక్కున్న సబ్‌మెరైన్ మనిషి నడకతో పోతుంది.

ఇక్కడ రోడ్డు దాటి అవతలికి వెళ్లాలి. కురుసుర కూడా సోవియట్ యూనియన్‌లోనే పుట్టింది. 1969 డిసెంబరు 18న మన నేవీలో చేరి, 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుంది. మరుసటి ఏడాది ఈ ఇసుకలోకి వచ్చింది. 91 మీటర్ల పొడవు, మనిషి వంగి కాళ్లు ముందు పెట్టి దూరాల్సిన గుండ్రటి ద్వారాలు. రిటైరైన నేవీవాళ్లే గైడ్లు. డీజిల్ ఇంజిన్ల గది దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. ఈ పడవ ప్రాణమూ, ప్రాణగండమూ అక్కడే ఉన్నాయి.

పూర్తిగా మునిగి ఉన్నంతసేపూ కురుసుర బ్యాటరీ మీద నడుస్తుంది. అప్పుడది దాదాపు మూగది. మరీ నెమ్మదిగా పోతే బ్యాటరీ కొన్ని రోజులు వస్తుంది, పూర్తి వేగం మీద పోతే గంటల్లోనే దిగిపోతుంది. మళ్లీ ఎక్కించాలంటే డీజిల్ తిరగాలి. డీజిల్‌కి గాలి కావాలి. అంటే పైకి తేలాలి, లేదంటే నీటి మట్టానికి కాస్త కింద నిలిచి ముక్కు గొట్టాన్ని పైకి పెట్టి ఊపిరి పీల్చాలి. ఆ వేళ ఇంజిన్ల హోరు నీళ్లలో మైళ్ల దూరం పోతుంది. పైకి లేచిన ఆ ముక్కు గొట్టం రాడార్‌కి కూడా దొరుకుతుంది. నేను మేనల్లుడికి చెప్పింది సగం ఒప్పయింది ఇక్కడే. రాడార్ సబ్‌మెరైన్‌ని పట్టదు, ఊపిరి పీల్చుకునే క్షణాన్ని పడుతుంది. ఆకాశంలో విమానం తిరుగుతోందన్న అనుమానం వస్తే చాలు, కెప్టెన్ ముక్కు లోపలికి లాగేసుకుంటాడు. బ్యాటరీ తగ్గుతూ ఉంటుంది. ఒక్క బాంబు వేయకపోయినా విమానం గెలిచినట్టే.

ఇంతవరకూ కథ తేలిగ్గానే ఉంది. అసలు చిక్కుముడి నీళ్లలో ఉంది. సముద్రాన్ని మనం ఒకే ముద్దలా ఊహించుకుంటాం కానీ అది పొరలు పొరలుగా ఉంటుంది. ఎండకి కాగిన పై పొర వెచ్చన. కొన్ని పదుల మీటర్లు దిగాక వేడి ఉన్నట్టుండి పడిపోతుంది. మన సముద్రాల్లో ఒక్క డిగ్రీ తగ్గితే చప్పుడు వేగం సెకనుకి రెండున్నర, మూడు మీటర్లు తగ్గుతుంది. పదిహేను వందల్లో మూడు ఒక లెక్కా అనిపిస్తుంది. కానీ చప్పుడుకి ఒక స్వభావం ఉంది: ఎటువైపు వేగం తక్కువో అటు వంగుతుంది. గోదావరి గట్టు ఊళ్లవాళ్లకి ఇది తెలుసు. రాత్రిపూట అవతలి ఒడ్డు మాటలు ఇవతలికి వినపడతాయి. నీటి మీద గాలి చల్లగా, ఆ పైన గాలి వెచ్చగా ఉండటంతో, పైకి పోవాల్సిన చప్పుడు వంగి కిందికి వస్తుంది. సముద్రం లోపలా అంతే. పై పొరలో పుట్టిన చప్పుడు చల్లని పొర తగలగానే కిందికి వంగి పారిపోతుంది. దాంతో పై పొర దిగువన, కొంత దూరంలో, ఏ చప్పుడూ చేరని ఒక నీడ ఏర్పడుతుంది. తెలివైన సబ్‌మెరైన్ ఆ నీడలో కూర్చుంటుంది. గొట్టం మైకు పై పొరలోనే ఆగితే, కింద పడవ దగ్గినా వినపడదు. తీగ ఎంత లోతు వదలాలన్నది అంత ముఖ్యమైన నిర్ణయం. ముందు వేడిని కొలవడానికే కొన్ని గొట్టాలు వేసేది అందుకు.

బంగాళాఖాతం ఇంకో మెలిక పెడుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదులు దీన్లోకే దిగుతాయి. వానాకాలం వెళ్లేసరికి ఉత్తర భాగంలో పైన ఉప్పు తక్కువైన నీటి పొర ఒకటి పరుచుకుంటుంది. తేలిక నీరు కాబట్టి కిందిదాంతో త్వరగా కలవదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంబడి ప్రవాహం ఆ నీటిని మన ఒడ్డు మీదుగా దక్షిణానికి తెస్తుంది. చలికాలంలో ఆ పై పొర ముందు చల్లబడి, వెచ్చని నీరు దాని కింద చిక్కుకుపోవడం కూడా ఉంది. అంటే పైన చెప్పిన లెక్క తలకిందులవుతుంది, చప్పుడు పైకి వంగుతుంది. అరేబియా సముద్రంలో పనికొచ్చిన ఉపాయం ఇక్కడ పనికిరాకపోవచ్చు. పాపికొండల మధ్య నుంచి వచ్చిన వరదనీరు, కొన్ని వారాల తరవాత ఒక సబ్‌మెరైన్ ఎక్కడ దాక్కోవాలో నిర్ణయించడంలో ఓ చెయ్యి వేస్తుందన్నమాట. ఆ సంగతి తెలిశాక గోదావరిని చూసే చూపు మారింది నాకు.

ఈ పొరల్ని కొలిచే పని ఈ ఊళ్లో కొత్తది కాదు. 1950ల్లో అమెరికా నేవీ ఎలక్ట్రానిక్స్ ల్యాబరేటరీకి చెందిన యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడివాళ్లతో కలిసి బంగాళాఖాతం నీటిని చదివాడు. సముద్రం వేడిని కొలిచే శాస్త్రానికి నేవీలతో చుట్టరికం పాతదే.

ఇక విమానం దగ్గరికి వెనక్కి రండి. ఈసారి తోక పైకి చూడండి. నిలువు తోక కొసన వెనక్కి పొడుచుకొచ్చిన కాడ లాంటిది ఒకటి ఉంటుంది. అది అయస్కాంత మాపకం. సబ్‌మెరైన్ అంటే వేల టన్నుల ఉక్కు. అది ఉన్నచోట భూమి అయస్కాంత బలం రవ్వంత చెదురుతుంది, వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు. అంత చిన్న తేడాని పట్టాలంటే విమానం సొంత లోహానికి, మోటార్లకి వీలైనంత దూరంగా ఆ పరికరం ఉండాలి. అందుకే తోక కొస. అయినా అది కొన్ని వందల మీటర్ల దూరంలోనే పనిచేస్తుంది కాబట్టి విమానం చాలా కిందికి దిగి, అనుమానం ఉన్న చోటు మీదుగానే పోవాలి. వెతకడానికి గొట్టాలు, ఖాయం చేసుకోవడానికి ఈ కాడ. ఆ తరవాత పొట్ట తలుపులు తెరుచుకుంటాయి, నీళ్లలో దూసుకెళ్లి పేలే టార్పెడో దిగుతుంది.

గొట్టాలు మోయడానికి ఇంత పెద్ద విమానమా అని అడగొచ్చు. హిందూ మహాసముద్రం పెద్దది. ఒడ్డు నుంచి వేల కిలోమీటర్లు వెళ్లి, అక్కడ గంటల తరబడి తిరిగి, మళ్లీ ఇల్లు చేరాలి. టీయూ-142 పుట్టింది టీయూ-95 అనే బాంబర్ నుంచి. అది 1952లో మొదట ఎగిరింది, ఇది 1968లో. వీటి ఎన్‌కే-12 ఇంజిన్‌ని తయారుచేసింది కుజ్నెత్సోవ్ సంస్థ. రెండో ప్రపంచ యుద్ధం తరవాత సోవియట్లు పట్టుకొచ్చిన జర్మన్, ఆస్ట్రియన్ ఇంజినీర్ల చెయ్యి అందులో ఉంది, వాళ్ల నాయకుడు ఫెర్డినాండ్ బ్రాండ్నర్. ఒక్కో ఇంజిన్ సుమారు 15 వేల హార్స్‌పవర్. మన పాత డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజిన్ 2,600. అంటే ఒక్కో రెక్కకి పదీ పన్నెండు రైలింజిన్లు.

ఇంత బలాన్ని ఒక్క ప్రొపెల్లర్ తట్టుకోలేదు. అందుకే ఒక్కో ఇంజిన్‌కి ముందూ వెనకా రెండు, ఒకటి ఇటు తిరిగితే ఒకటి అటు. నాలుగింటికీ కలిపి 32 రెక్కలు. ప్రొపెల్లర్ ఉన్న విమానమే అయినా గంటకు 900 కిలోమీటర్లు దాటగలదు. అంత వేగంలో 5.6 మీటర్ల వెడల్పు ప్రొపెల్లర్ కొసలు ధ్వని వేగాన్ని దాటేస్తాయి. ఫలితం చెవులు చిల్లులు పడే హోరు. వినడమే వృత్తిగా ఉన్న విమానం ప్రపంచంలోనే గోల ఎక్కువ చేసే విమానాల్లో ఒకటి కావడం నాకు భలే నవ్వొస్తుంది. మరి కింద సబ్‌మెరైన్‌కి వినపడదా? బావిలో మునిగిన పిల్లాణ్ణి గుర్తు తెచ్చుకోండి. గాలిలోంచి వచ్చే చప్పుడు నీటి మీద దాదాపు నిటారుగా, ఓ 13 డిగ్రీల ఏటవాలు లోపల పడితేనే లోపలికి దిగుతుంది. మిగతాది అద్దం మీద వెలుగులా తిరిగి పోతుంది. కాబట్టి విమానం నెత్తి మీదికి వచ్చినప్పుడే సబ్‌మెరైన్‌కి సరిగా తెలుస్తుంది. తెలిసేసరికి గొట్టాలు పడిపోయి ఉంటాయి.

మన నేవీకి ఈ అవసరం ఎంత ఖరీదైన పాఠంగా తెలిసిందో 1971 చెబుతుంది. ఆ డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ ఇదే విశాఖ రేవు బయట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది. ఐఎన్‌ఎస్ రాజపుత్ వేసిన డెప్త్ చార్జ్ అనే, నీళ్ల లోతులో పేలే బాంబులే కారణమని మనమంటాం, లోపలి పేలుడని వాళ్లంటారు. అది మనకి కలిసొచ్చిన రాత్రి. ఆరు రోజుల తరవాత, డిసెంబరు 9న, అరేబియా సముద్రంలో హంగోర్ అనే మరో పాక్ సబ్‌మెరైన్ ఐఎన్‌ఎస్ ఖుక్రీని టార్పెడోతో ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా ఓడతోనే వెళ్లిపోయాడు. హంగోర్ కూడా కురుసుర లాంటి డీజిల్ పడవే.

తరవాతి వరస ఇలా నడిచింది. 1976లో వాయుసేన దగ్గరున్న సూపర్ కాన్‌స్టెలేషన్ విమానాలు నేవీ చేతికొచ్చి 312 స్క్వాడ్రన్ అయ్యాయి. మరుసటి ఏడాది ఐఎల్-38 అనే సోవియట్ గస్తీ విమానాలు వచ్చాయి. 1988లో ఎనిమిది టీయూ-142లు, అదే 312 స్క్వాడ్రన్‌లోకి. ముందు గోవాలో, 1992 నుంచి అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాలిలో. రేణిగుంట మీదుగా చెన్నై వెళ్లే మనవాళ్లకి అరక్కోణం అంటే రైలు మారే జంక్షనే, దాని పక్కనే నాలుగు కిలోమీటర్లు దాటిన రన్‌వే ఉందని చాలామందికి తెలియదు. ఈ టీయూ-142లు మన దేశానికి వచ్చిన ఏడాదే, మాల్దీవుల్లో తిరుగుబాటుని అణచడానికి మన సైన్యం చేసిన ఆపరేషన్‌లో పనిచేశాయి. 29 ఏళ్లలో 30 వేల గంటలకు పైగా, ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరాయి. 2017 మార్చి 29న సెలవు తీసుకున్నాయి. వాటిలో ఒకటి ఏప్రిల్‌లో తన రెక్కల మీదే విశాఖ వచ్చి వాలింది. దాన్ని విప్పి, ముక్కలుగా తెచ్చి, ఇక్కడ మళ్లీ బిగించారు. డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు. గోవా వెళ్లేవాళ్లుంటే అక్కడి నేవీ విమానాల మ్యూజియంలో ఆ పాత సూపర్ కాన్‌స్టెలేషన్‌ని కూడా చూడొచ్చు. ఒకే స్క్వాడ్రన్‌లో తాతా మనవడూ అనుకోండి.

వీటి స్థానంలో వచ్చిన పీ-8ఐ బోయింగ్ 737 ఒళ్లున్న జెట్. కంప్యూటర్లు మారాయి, తెరలు మారాయి. గొట్టాలు మాత్రం ఉన్నాయి. తోక కాడ కూడా ఉంది, అమెరికా తన పీ-8ల్లో వద్దనుకున్నా మనం అడిగి పెట్టించుకున్నాం.

1988 నుంచి 2001 దాకా కురుసుర, ఈ విమానం ఒకే నేవీలో కొలువు చేశాయి. చూసేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ముందు విమానం, అందులోనూ ముందు ఆ గొట్టాలు, తరవాత సబ్‌మెరైన్. ఈ వరసలో చూస్తే మధ్యలో ఉన్న బీచ్ రోడ్డు ఆటోలతో సహా కాసేపు సముద్రం అయిపోతుంది.

మేనల్లుడికి హాల్లో గొట్టాల దగ్గర నిలబెట్టి ఇదంతా చెప్పాను. సగం విన్నాడో లేదో తెలియదు. రోడ్డు దాటి కురుసురలోకి దిగాం. ముందు గదిలో టార్పెడోల మధ్య వంగి నడుస్తుంటే వాడి చేతిలో స్టీలు నీళ్ల సీసా జారి ఇనుప నేల మీద ఠంగుమని పడింది. వాడు దాన్ని తీసుకోలేదు. ఊపిరి బిగబట్టి, తలెత్తి కప్పు వైపు చూశాడు.